చేపల ఊపిరి

నేడు నేను ముచ్చటింపబూనిన విషయము చూచుటకు చిన్నది. తిరుపతికి పోయివచ్చిన మనుమలు మన ఇండ్లకు తెచ్చుచున్న గాజుతొట్టియు, అందు తిరుగాడు నాలుగైదు బంగారు చేపలును, ఆ తొట్టి మూలను రేయింబవళ్ళు బుడగలూదుచుండు చిన్న మోటారును, ఇవియే నా ప్రసంగమునకు వస్తువు. కాని ఆ తొట్టిలో జరుగునదే మన ఊరి చెరువులోను జరుగుచున్నది. చెరువు చేపలను వేలమునకిచ్చి ఆ సొమ్ముతో ఊరి పనులు చక్కబెట్టుకొను గ్రామముల పెద్దలు మీలో పెక్కురు కలరు. ఒకనాటి తెల్లవారుజామున చెరువంతయు తెల్లని పొట్టలతో తేలినప్పుడు, విషము కలిపినదెవరను ప్రశ్న మీ యెదుటికే వచ్చును. దానికి తీర్పు చెప్పవలసినవారు ముందుగా ఈ గాజుతొట్టిని కొంతసేపు చూడవలెనని నా మనవి.

"చేప నీటిలోనే గదా బ్రతుకును, దానికి గాలి యెందులకు?" అని ఒక వృద్ధులు నన్నడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. అమరకోశకారుడు నీటికి జీవనమని పేరు చెప్పినాడు. రెండు పాళ్ళ ఉదజనియు ఒక పాలు ప్రాణవాయువును కూడి నీరైనదని బడిపిల్లలును చెప్పుదురు. అట్లయినచో చేప చుట్టును ఉన్నదంతయు ప్రాణవాయువే గదా యని తోచును. కాని ఆ ప్రాణవాయువు చేపకు అక్కరకు రాదు. అది ఉదజనితో ముడివడి నీరేయైపోయినది. ఆ ముడిని విప్పు శక్తి చేప మొప్పలకు లేదు. చేప పీల్చునది, గాలినుండి వచ్చి, పాలలో పంచదార కరగినట్లు నీటిలో కరగియున్న వేరొక ప్రాణవాయువు.

ఇది ఇంటిలోనే చూడదగిన సంగతి. పొయ్యిమీద గిన్నెతో నీరు పెట్టుడు. నీరు తెర్లుటకు చాలముందే గిన్నె అడుగునను ప్రక్కలను సన్నని బుడగలు ముత్యములవలె అంటుకొనును. అవి ఆవిరి బుడగలు కావు. నీటిలో కరగియున్న గాలి వేడికి నిలువజాలక వెలికి వచ్చుచున్నది. అట్లు బాగుగా కాచి, మూతపెట్టి, కదలింపక చల్లార్చిన నీటిలో చేపను విడిచినచో, నీరెంత నిర్మలమైనను అది కొలది సేపటిలో ఉక్కిరిబిక్కిరియగును.

కరగియున్న ఆ ప్రాణవాయువెంత? ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కలదు. 30 డిగ్రీల వేడిమిగల ఒక లీటరు మంచినీరు, ఎంత బాగుగా గాలి తగిలినను, 7.6 మిల్లీగ్రాములకు మించి పట్టియుంచజాలదు. అనగా మనము పీల్చు గాలిలో నున్నదానిలో ముప్పదియైదవ వంతుతో చేప బ్రతుకును వెళ్ళబుచ్చుచున్నది. ఈ పేదరికమునకు తగినట్లే సృష్టికర్త దానికి మొప్పలనిచ్చినాడు. మొప్పలలో నీరు ఒక దిక్కునకును, రక్తము దానికెదురు దిక్కునకును పారును. ఈ ఎదురుపారుదల వలన చేప నీటిలోని ప్రాణవాయువులో నూటికి ఎనుబది పాళ్ళవరకు లాగుకొనగలదు. మనమో, పీల్చిన గాలిలోని ప్రాణవాయువులో నాలుగవ వంతు మాత్రమే వాడుకొని తక్కినది విడిచిపెట్టుచున్నాము.

వేడిమి పెరిగినకొలది ఈ నిధి తరుగును. 20 డిగ్రీల నీరు 9 మిల్లీగ్రాములను పట్టును. 35 డిగ్రీల నీరు 7 మాత్రమే పట్టును. తిరుపతిలో వైశాఖ జ్యేష్ఠములందు ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త గాదు. రేకుల కప్పు క్రింద, కిటికీ ప్రక్కను పెట్టిన తొట్టి నీరు మధ్యాహ్నమునకు ఎట్లుండునో ఊహించుకొనుడు. నీరు వెచ్చనైనకొలది చేప శరీరమును త్వరపడి మరింత ప్రాణవాయువును కోరును. రాబడి తగ్గిననాడే ఖర్చు పెరిగినట్లు! ఎండకాలమున చేపలు చచ్చుటకు ఇది మొదటి కారణము. కొండమీద గాలి పలుచన గనుక, సుమారు 850 మీటర్ల ఎత్తుననున్న తిరుమలలో నీరు, ఒకే వేడిమియందు, దిగువనున్న తిరుపతి నీటికంటె సుమారు పన్నెండవ వంతు తక్కువ ప్రాణవాయువును పట్టును. అయినను అచ్చటి చల్లదనము ఆ లోటును చాలవరకు పూడ్చుచున్నది.

5 మిల్లీగ్రాములకు పైన నున్నంతవరకు సామాన్యముగా చేపలకు సుఖము. 3 కంటె తగ్గినచో అవి మేత మాని పైకి వచ్చి నోరు తెరచుచుండును. 2 కంటె తగ్గి చాలసేపు నిలిచినచో ప్రాణాపాయము.

గాలి నీటిలోనికి ప్రవేశించు ద్వారము నీటి పైముఖము. పైపొరలో కరగిన వాయువు దానంతట అది అడుగునకు దిగవలెనన్న మిక్కిలి ఆలస్యమగును. గాలిలో వ్యాపించుదానికంటె నీటిలో సుమారు పదివేల రెట్లు మెల్లగా ప్రాణవాయువు వ్యాపించునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. కావున కదలని నీటిలో పైన సమృద్ధియు క్రింద కరవును ఉండును. కపిలతీర్థమున వానకాలమందు కొండమీదినుండి పుష్కరిణిలోనికి దుమికెడు ధారను మీరు చూచియుందురు. ఆ ధార తునాతునకలై తుంపరలగుటలో ప్రతి తుంపరయు గాలిని తాకుచున్నది, పడిన చోట నీరు క్రిందుమీదగుచున్నది. తలకోన జలపాతమును అట్టిదే. మన తొట్టిలో బుడగలూదు మోటారు ఈ జలపాతమునకు మిక్కిలి చిన్న తమ్ముడు.

ఇచ్చట ఒక సామాన్యమైన భ్రమను చెప్పవలెను. బుడగలలోని గాలియే నేరుగా నీటిలో కరగి చేపలకు చాలుచున్నదని పలువురు తలంతురు. తొట్టి లోతు మూరెడు. బుడగ అడుగునుండి పైకి వచ్చుటకు రెప్పపాటు. ఆ కొంచెపు కాలములో కరగునది కొంచెమే. బుడగ చేయు ముఖ్యమైన పని, అడుగు నీటిని తనతో పైకి మోసికొనివచ్చి పైముఖమును కదలించుట. కాబట్టి గాలిరాయిని తొట్టి అడుగున పెట్టుట మేలు. నీటిని పైకి చల్లుచు వడియగట్టు యంత్రమున్నచో అదియు ఇదే పని చేయును. పైముఖము మీద తెట్టుగట్టినచో, నూనెపొర ఏర్పడినచో, ద్వారమునకు తలుపు మూసినట్లే.

తొట్టి ఆకారము గూర్చి నా అభిప్రాయము కొంత కఠినమైనది. అంగళ్ళలో అమ్ము గుండ్రని గాజుబుడ్డి చేపకు చెర. దానిని మెడవరకు నింపినచో పైముఖము అరచేయియంతయే మిగులును. అట్టి బుడ్డియే ఉన్నచో, బాగుగా వెడల్పయిన నడిమి భాగమువరకే నీరు పోయుడు. నీరు తగ్గినను ఊపిరి పెరుగును. ఎత్తు తక్కువయై వెడల్పు ఎక్కువగా నుండు తొట్టి అన్నివిధముల శ్రేష్ఠము. చిన్న చేపలకు, తోక విడిచి కొలిచి, అంగుళము పొడవునకు నాలుగు లీటర్ల నీరుండవలెనని ఒక మోటు లెక్క కలదు; బంగారు చేపకు అంతకంటె చాల ఎక్కువ కావలెను, ఏలయన అది పెరుగును. నాగలాపురమున మత్స్యమూర్తియైన వేదనారాయణస్వామిని సేవించినవారికి ఆ కథ తెలియును: సత్యవ్రతుని కమండలమున చేరిన చేపపిల్ల ఆ పాత్ర చాలలేదని, గంగాళమును చాలలేదని, మడుగును చాలలేదని కడకు సముద్రమును చేరినది. మన బంగారు చేప సముద్రమును కోరదు గాని, ఆరు నెలలలో పెద్దతొట్టిని తప్పక కోరును.

ఇక మొక్కల మాట. "తొట్టిలో నాచు వేసినాము, మోటారు అక్కర లేదు" అనువారు కలరు. ఇందు సగము సత్యము. నేను బడిలో పిల్లలకు, చెరువు నాచును గాజుగ్లాసు నీటిలో ముంచి ఎండలో పెట్టి చూపుచుంటిని. కొలది నిముషములలో ఆకులనుండి సన్నని బుడగలు వరుసగా పైకి లేచును. గ్లాసును నీడకు జరిపినంతనే ఆ వరుస సన్నగిల్లును. 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి దేశపు వైద్యుడు నీటిలో ముంచిన ఆకులతో ఇట్టి పరీక్షలే చేసి, వెలుతురున్నప్పుడు మాత్రమే మొక్క ప్రాణవాయువునిచ్చుననియు, చీకటిలో అది గాలిని చెరచుననియు లోకమునకు తెలిపినాడు. 1850లో లండనునందు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను ఒకే తొట్టిలో పెంచి, వాని పరస్పరోపకారమును లోకమునకు చాటెను. పిమ్మట మూడేండ్లకు లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు చేపల ఇల్లు తెరువబడెను. నేడు మన ఇంటిలోని తొట్టి ఆ పరంపరలోనిది.

మొక్కలు పగలు దాతలు, రాత్రి యాచకులు. చేపయు మొక్కయు నత్తయు కంటికి కనబడని సూక్ష్మజీవులును రాత్రియంతయు ప్రాణవాయువును తీయుచునే యుండును, ఇచ్చువారొక్కరును లేరు. కావున ఆ ఇరువదినాలుగు గంటలలో మిక్కిలి లేమి యుండు వేళ సూర్యోదయమునకు ముందటి వేళ. రాత్రి చప్పుడగుచున్నదని మోటారు ఆపి, పగలు నడపు ఇండ్లను నేను చూచితిని. ఒకటే నడపవలసివచ్చినచో రాత్రియే నడపవలెను.

కరెంటు పోయినప్పుడు ఏమి చేయవలెను? చెంబుతో తొట్టి నీటిని ముంచి, మూరెడెత్తునుండి సన్నధారగా మరల అందే పోయుడు. పది నిముషములకొకసారి ఇట్లు కొంతసేపు చేసినచో చేపలు తెప్పరిల్లును. మేత వేయరాదు, తిన్న చేపకు ఊపిరి ఎక్కువ కావలెను. మూడవ వంతు నీటిని మార్చుటయు మంచిదే, కాని ఏ నీరో చూడవలెను. మన జిల్లాలో బోర్లు వేయి అడుగులు దాటిన చోట్లు కలవు. అంత లోతునుండి వచ్చు నీరు కంటికి తేటగా నున్నను, గాలి తగులక చాలకాలము పాతాళమున నుండినది గనుక అందు ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. బయటికి వచ్చునప్పుడు గోరువెచ్చగానుండుటయు కలదు. దానిని జల్లెడగుండ ఎత్తునుండి పోసి, వెడల్పయిన పాత్రలో ఒక పూట ఉంచి, తొట్టి నీటి వేడిమికి వచ్చిన పిమ్మట వాడుడు. పట్టణపు కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుదురు. అదియు ఒక దినము తెరచియుంచిన పిమ్మటనే చేపలకు తగును. మరియొక్క మాట. గాలిమోటారును నీటిమట్టముకంటె ఎత్తున పెట్టుడు. క్రిందపెట్టినచో, కరెంటు పోయినపుడు నీరు గొట్టము వెంట మోటారులోనికి దిగి, నేలయు తడియును, మోటారును చెడును, కరెంటు వచ్చినపుడు మనుష్యులకును అపాయము.

మేతను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది, ఏలయన ఇందు మన ధర్మబుద్ధియు కలిసియున్నది. చెరువులందును పుష్కరిణులందును చేపలకు బొరుగులు వేయుట పుణ్యమని మనవారందరు తలంతురు. ఆ దయను నేను నిందింపను. కాని చేప తినక మిగిలినది ఏమగును? అడుగుకు చేరి కుళ్ళును. కుళ్ళుట యనగా సూక్ష్మజీవులు దానిని తినుట. తినుచు అవియు ఊపిరి పీల్చును. ఒక గ్రాము పంచదార నీటిలో పూర్తిగా జీర్ణమగుటకు ఒక గ్రాముకంటె కొంచెమెక్కువగా ప్రాణవాయువు కావలెను. ఒక గ్రాము ప్రాణవాయువనగా 120 లీటర్లకు పైబడిన నీటిలోని సర్వస్వము. చిటికెడు పంచదారకు ఇంత ఖర్చు! బొరుగులును పిండిపదార్థమే గనుక దాని లెక్కయు ఇంచుమించు ఇంతియే. గాజుతొట్టిలో రెండు మూడు నిముషములలో చేపలు తినగలిగినంత వేసి, మిగిలినదానిని తీసివేయవలెను. పిల్లలు ముద్దుతో పిడికెడు వేయుదురు. తెల్లవారుసరికి నీరు పాలవలె తెల్లబడి చేపలు నోళ్ళు తెరచును.

ఈ లెక్కను పట్టుకొని ఇప్పుడు చెరువుగట్టు మీదికి పోవుదము. పచ్చగానుండు చెరువు నీటిలో ఆ పచ్చదనము కంటికానని నాచుమొక్కల గుంపు. మండుటెండలో అవి ఊదు ప్రాణవాయువు వలన మధ్యాహ్నము లీటరుకు 12 మిల్లీగ్రాములు దాటినను, అదే చెరువున తెల్లవారుజామునకు 2కు దిగుట కలదు. మేఘములు మూసి రెండు మూడు దినములు ఎండ కాయకున్నచో పగటి సంపాదనము పోయి రాత్రి ఖర్చు మాత్రము మిగులును. ఒక్కొక్కప్పుడు ఆ నాచంతయు ఒక్కసారిగా చచ్చి, పచ్చని నీరు గోధుమవన్నెకు మారి, కుళ్ళు వాసన వేయును. భోరున కురిసిన చల్లని వానకు పైనీరు దిగి, ఊపిరి లేని అడుగునీరు పైకి వచ్చుటయు కలదు. గుర్రపుడెక్క చెరువంతయు కప్పినచో పైముఖమునకు గాలియు లేదు, లోనికి వెలుతురును లేదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన కారణములు మరి రెండు కలవు. బెల్లము వండు గానుగల వద్ద కడిగిన నీరును, మామిడిరసము తీయు కర్మాగారముల కడుగునీరును చెరువులోనికి చేరినచో, అది విషము కాదు, తీపి. పశువు త్రాగినను తక్షణమే కీడు కనబడకపోవచ్చును. కాని నేను చెప్పిన గ్రాముల లెక్కను బట్టి చూడుడు: ఆ తీపియే చెరువు ఊపిరిని హరించును.

ఒక గ్రామ పంచాయితీలో కూర్చుండు అవసరము నాకు కలిగినది. కార్తికమాసము, మూడు దినములు ముసురు. నాలుగవనాటి ఉదయము చెరువులో చేపలు చచ్చి తేలినవి. ముందునాటి సాయంకాలము ప్రక్క ఊరి రైతు ఒకడు మందుకొట్టు డబ్బాను తూము దగ్గర కడిగెనని ఎవరో చూచినారు. ఇంకేమున్నది, రెండు ఊళ్ళకు పగ. జరిమానా ఎంతయని బేరములాడుచుండగా నేను నాలుగు ప్రశ్నలడిగితిని. ముందుగా చచ్చినవి పెద్దవా, చిన్నవా? పెద్ద బొచ్చెలని చేపలవారు చెప్పిరి. కొర్రమీను చచ్చినదా? ఒక్కటియు లేదు. కప్పలు, నీటిపురుగులు? గట్టున గంతులు వేయుచునే యున్నవి. చచ్చుటకు ముందెవరైన చూచిరా? గొర్రెల కాపరి ఒకడు, కోడికూత వేళ చేపలన్నియు పైకి వచ్చి నోళ్ళు తెరచి గాలి మింగుచుండెననియు, నీటిలో గులకరాయి వేసినను దిగలేదనియు చెప్పెను.

ఈ నాలుగు జవాబులును ఒకే దిక్కును చూపుచున్నవి. ఊపిరి చాలనప్పుడు సామాన్యముగా పెద్ద చేపలు ముందు పోవును. కొర్రమీను నీటిపైకి వచ్చి మనవలెనే గాలిని పీల్చగలదు గనుక అది మిగులును. అంగళ్ళలో చిన్న సీసాలలో నుంచి అమ్ము పోట్లాట చేపయు అట్టి జాతిదే. చచ్చిన చేపల నోరు తెరచి, మొప్పలు విచ్చుకొనియుండును. చావు తెల్లవారుజామున మొదలై, ఎండ యెక్కినకొలది ఆగును. విషమైనచో వేళ లేదు. పిల్లచేపలును, కప్పలును, పురుగులును, కొర్రమీనును విచక్షణ లేక చచ్చును. ఆనాడు జరిమానా మాట విడిచిపెట్టిరి గాని, మందుడబ్బాను చెరువులో కడుగరాదని రెండు ఊళ్ళవారును ఒప్పుకొనిరి, అదియు అవసరమే.

విషము కలియుట ఎన్నడును లేదని నా వాదము గాదు. 2017 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా గండిగూడెము చెరువున పెద్దయెత్తున చేపలు చచ్చినపుడు, చుట్టుపట్ల కర్మాగారముల వ్యర్థజలముపై ఆరోపణలు వచ్చినవి. అట్టి చోట పరీక్ష జరుగవలసినదే. ఏ చెరువునైనను నీటిని చూడకముందే మనిషిని పట్టుకొనరాదని మాత్రమే నేను చెప్పుచున్నాను.

చేపలు నోళ్ళు తెరచుచున్నవని తెల్లవారుజామున కబురు వచ్చినచో చేయదగినది కొంత కలదు. కొల్లేటి చుట్టుపట్లను భీమవరము ప్రాంతమునను చేపల రైతులును, నెల్లూరు తీరమున రొయ్యల రైతులును, నీటిని తెడ్లతో చిమ్ము చక్రపు యంత్రములను రాత్రివేళ నడపుదురు. వారికి కోడికూతకు ముందే గట్టుమీద తిరుగుట అలవాటు. మన చెరువులకు అంత యంత్రము లేకున్నను, ఆయిలు ఇంజనుతో చెరువు నీటినే తోడి, గట్టు ఎత్తునుండి మరల చెరువులోనే తుంపరలుగా పడునట్లు చేయవచ్చును. చెరువంతయు బాగుపడదు, కాని ఆ ధార చుట్టును చేపలు వచ్చి చేరి ప్రాణము దక్కించుకొనును. ఆనాడు పేడ గాని తవుడు గాని వేయరాదు. చచ్చిన చేపలను వెంటనే తీసి, దూరమున గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. నీటిలోనే విడిచినచో అవి కుళ్ళి, మిగిలినవాని ఊపిరిని తీయును.

నీటిలోని ప్రాణవాయువును కొలుచు పద్ధతిని 1888లో హంగేరీ దేశపు వింక్లర్ కనిపెట్టినాడు. నేడు నీటిలో ముంచినంతనే అంకె చూపు పరికరములును వచ్చినవి. నెల్లూరు జిల్లా ముత్తుకూరున మత్స్యశాస్త్ర కళాశాల కలదు. మత్స్యశాఖ వారును జిల్లాలలో కలరు. పరీక్షకు నీరు పంపదలచినవారు సూర్యోదయమునకు ముందే, చేపలు చచ్చిన చోటనే, సీసాను నీటిలో ముంచి, లోపల ఒక్క బుడగయు లేకుండ అంచువరకు నింపి, నీటిలోనే బిరడా బిగింపవలెను. అట్టి నీటికి అచ్చటనే మందు కలిపినగాని ప్రాణవాయువు నిలువదు గనుక, వీలైనచో వారినే గట్టుకు పిలిపించుట మేలు. విషమును గూర్చిన అనుమానమున్నచో వేరొక సీసాలో నీటిని, అప్పుడే చచ్చిన చేపలను రెంటిని మంచుగడ్డలలో పెట్టి ఆనాడే పంపవలెను. పంచాయితీ కూడిన పిమ్మట, మధ్యాహ్నము రెండు గంటలకు, ఎండలో తీసిన సీసాడు నీటితో తెల్లవారుజామున జరిగినది తెలియదు.